బస్తర్ స్మారక శిలల సాక్ష్యం చెల్లాలి

బస్తర్‌లో వంశం ఆచూకీ వెతుక్కునేవారికి ప్రభుత్వ కచ్చేరీల్లో తరచూ దొరికే జవాబు ‘రికార్డు లేదు’ అన్నదే. తాత ఎప్పుడు పోయాడు, ఏ ఊళ్లో పోయాడు, ఆయన తండ్రి ఎవరు అన్న ప్రశ్నలకు మరణ ధ్రువపత్రం ఒక్కటే ఆధారం అనుకుంటే ఆ జవాబు చాలావరకు నిజం. అయితే చావును అంత శ్రద్ధగా గుర్తుంచుకునే నేలలు ఈ దేశంలో కొన్నే ఉన్నాయి. మరియా, మురియా గోండులు చనిపోయినవారికి రాయి నిలబెడతారు, కొయ్య చెక్కుతారు, బొమ్మలు వేస్తారు. గోదావరికి ఈవల కోయల డోలీలు గోత్రాల కథలు పాడతారు. ఊరి కావలివాడైన కోట్వార్ ఠాణాకు వెళ్లి చావు కబురు రాయించేవాడు. ఇన్ని చోట్ల నమోదైన చావును సర్కారు కాగితం ఒక్కటీ లేదన్న కారణంతో జరగనట్టే లెక్కకట్టడం అన్యాయం. ఈ రాళ్లకూ పాటలకూ పాత పుస్తకాలకూ సాక్ష్యం విలువ ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న చట్టాలు చాలు. వాటిని అమలు చేయాల్సిన బాధ్యత ఛత్తీస్‌గఢ్‌తో పాటు రెండు తెలుగు రాష్ట్రాలదీ.

జగదల్‌పూర్ నుంచి గీదం మీదుగా దంతెవాడ వెళ్లే దారిలో, కిలేపాల్, బాస్తానార్ చుట్టుపక్కల, రోడ్డు పక్కనే ఈ స్మారకాలు కనిపిస్తాయి. పాతవి చెక్కని నిలువురాళ్లు. వాటిని ఉరస్కల్ అంటారు. దంతెవాడ దగ్గరి గామవాడలో ఉన్నవాటిని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షిత కట్టడాల జాబితాలో చేర్చింది. తర్వాతి కాలానివి రంగులు వేసిన రాతి పలకలు, చెక్కిన కొయ్య స్తంభాలు. ఒక పలక మీద అడవిదున్న కొమ్ముల తలపాగాతో డోలు వాయించే మగవాళ్లు, చేతులు కలిపి ఆడే ఆడవాళ్లు, ఏనుగు, పులి, నెమలి, కల్లు బుర్ర, సైకిలు ఉంటాయి. పోయిన మనిషి ఎలా బతికాడో, ఏది ఇష్టపడ్డాడో ఆ బొమ్మలే చెబుతాయి. ఇటీవలి సిమెంటు స్మారకాల మీద దేవనాగరి లిపిలో పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ కూడా రాస్తున్నారు. పాత రాళ్ల మీద అక్షరం ఉండదు. అయినా అవి మూగవి కావు. సాధారణంగా ఒక గోత్రం రాళ్లు ఒకే చోట ఉంటాయి. ఏ రాయి ఎవరిదో ఆ గోత్రం పెద్దలకు తెలుసు. వంశవృక్షం గీయాలనుకునేవారికి ముందుగా కావలసినవి గోత్రం పేరు, మూలగ్రామం. ఆ రెండూ రాళ్లున్న తావే చెప్పేస్తుంది. 1927 నుంచి బస్తర్ సంస్థానం పాలనా వ్యవహారాలు చూసిన గ్రిగ్సన్ 1938లో తెచ్చిన ‘ది మరియా గోండ్స్ ఆఫ్ బస్తర్’లోనూ, తర్వాత మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ రచనల్లోనూ ఈ ఆచారాల వివరాలు దొరుకుతాయి. పిల్లలకు పోయిన పెద్దల పేర్లు పెట్టుకునే వాడుక తెలుగువారికి లాగే వీరికీ ఉంది. అందుకే ఒకే పేరు తరం విడిచి తరంలో మళ్లీ కనిపిస్తుంది; వెతికేవారికి అదొక ఆనవాలు, అదే ఒక చిక్కు కూడా.

తెలుగు నేలలో ఈ పని పాట చేసింది. కోయల గోత్రగాథలను డోలీలు పడిగె అనే బొమ్మల గుడ్డను ముందుంచుకుని పాడతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ విద్యలో పెద్దదిక్కు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. ఆదిలాబాద్ గోండులకు పర్ధానులు, తోటీలు ఇదే సేవ చేస్తూ వచ్చారని మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ రాసిపెట్టారు. మైదాన ప్రాంతాల కులాలకు భట్రాజులు, పిచ్చుకుంట్లవారు వంశాలు చదివినట్టే ఇక్కడ వీరు. ఒక డోలీ చనిపోతే ఎన్నో ఊళ్ల వంశచరిత్ర ఆయనతోనే పోతుంది. పద్మశ్రీ ఇచ్చి సత్కరించిన ప్రభుత్వం ఆయన నోట ఉన్న వంశావళిని గోత్రం గోత్రంగా రికార్డు చేయించి రెవెన్యూ కచ్చేరీలో ఆధారంగా చెల్లేలా చేసి ఉంటే ఆ గౌరవం పరిపూర్ణమయ్యేది.

ఇక కాగితాల సంగతి. పాత మధ్య పరగణాల పద్ధతిలో ఊరి కోట్వార్ జనన మరణాల పుస్తకం పట్టుకుని ఠాణాకు వెళ్లేవాడు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. ఇప్పుడు పల్లెల్లో పంచాయతీ కార్యదర్శి రిజిస్ట్రారు. ఈ చట్టంలోని 17వ సెక్షన్ సంగతి వంశపరిశోధన చేసేవారిలో కూడా చాలామందికి తెలియదు. రుసుము కట్టి రిజిస్టరులో ఫలానా నమోదు ఉందేమో వెతికించమని ఎవరైనా అడగవచ్చు, మరణ నమోదు నకలు తీసుకోవచ్చు; చావుకు కారణం మాత్రం ఆ నకలులో ఇవ్వరు. రక్తసంబంధం ఉన్నట్టు రుజువు చూపాలన్న షరతు అందులో లేదు. చిక్కల్లా ఆ రిజిస్టరు ఎక్కడుందో తెలియకపోవడమే. బస్తర్ సంస్థానం 1948 జనవరి 1న మధ్య పరగణాల్లో కలిసింది. 1950లో మధ్యప్రదేశ్, 2000లో ఛత్తీస్‌గఢ్ అయింది. ఒకే జిల్లాగా ఉన్నది 1998లో దంతెవాడ, కాంకేర్‌గా, 2007లో బీజాపూర్, నారాయణపూర్‌గా, 2012లో సుక్మా, కొండగావ్‌గా చీలుతూ వచ్చింది. కోంటా దగ్గరి ఊరి మనిషి 1975లో చనిపోతే ఆ నమోదు కోసం ఠాణాలో, సుక్మాలో, దంతెవాడలో, చివరికి జగదల్‌పూర్ రికార్డు గదిలో కూడా వెతకాల్సి రావచ్చు. సబరి నదికి ఈవల కూడా ఇదే కథ. ఖమ్మం జిల్లాలో ఉండిన చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లి తూర్పు గోదావరిలో చేరాయి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగమయ్యాయి. నదికి ఆ ఒడ్డున అన్న, ఈ ఒడ్డున తమ్ముడు ఉన్న దోర్ల, కోయ కుటుంబాలు తాత చావును రుజువు చేయాలంటే మూడు రాష్ట్రాల కచ్చేరీలు తిరగాలి. ఒకే ఇంటిపేరును హిందీలో రాసే తీరు ఒకటి, తెలుగులో రాసే తీరు ఇంకొకటి. అక్షరం తేడా చూసి దరఖాస్తు తిప్పి పంపడం ఎంత తేలికో వేరే చెప్పాలా?

దేశం మొత్తం మీద కూడా పాత కాగితం కొందరికే అండగా నిలిచింది. మద్రాసు రాజధానిలో పాతిపెట్టిన యూరోపియన్ల ఖనన వివరాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. విశాఖపట్నంలో చనిపోయిన ఇంగ్లీషు సిపాయి మునిమనవడు ఈరోజు ఆ వివరం తీసుకోగలడు. గయ, హరిద్వార్ పండాల వంశపుస్తకాలైన బహీల్లో యాత్ర చేయగల స్తోమత ఉన్న కుటుంబాలకు తరాల పేర్లు దొరుకుతాయి. పత్రికల్లో శ్రద్ధాంజలి ప్రకటనలు పట్నాల్లోని వ్యాపారులకూ ఉద్యోగులకూ పరిమితం. జనాభా లెక్కల ఫారాల్లో పేర్లుంటాయి గానీ 1948 నాటి చట్టం వాటిని రహస్యంగా ఉంచింది. బస్తర్ అడవి మనిషి మాత్రం చంపినప్పుడో చంపబడినప్పుడో తప్ప ప్రభుత్వ ఫైలులో పూర్తి పేరుతో కనిపించడు. ఎల్విన్ 1943లో ప్రచురించిన ‘మరియా మర్డర్ అండ్ సూయిసైడ్’ వంద హత్య కేసుల ఆధారంగా రాసినది. తల్లిదండ్రులు, భార్య, గొడవ, ఊరు అన్నీ అందులో ఉన్నాయి. జ్వరం వచ్చి మంచంలో కన్నుమూసినవాడికి కోట్వార్ పుస్తకంలో ఒక వరుస దక్కితే గొప్ప.

వంశవృక్షం తీరిక ఉన్నవారి సరదా అనేవారున్నారు. బస్తర్‌లో అది తిండికీ భూమికీ సంబంధించిన విషయం. తండ్రి పోయాక భూమి కొడుకుల పేరుకు మార్చే ఫౌతీకి మరణ రుజువు కావాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీ ధ్రువపత్రానికి 1950 సెప్టెంబరు 6 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నాటికి పూర్వీకులు అక్కడివారేనని చూపాలి. అందుకు పాత భూమి బందోబస్తు రికార్డు ‘మిసల్’లో తాత పేరు వెతుకుతారు. అబూజ్‌మాడ్ కొండల్లో చాలాకాలం భూమి సర్వేయే జరగలేదు, ఇక మిసల్ ఎక్కడిది? అందరికంటే ఎక్కువ నలిగిపోతున్నవారు బస్తర్ నుంచి వలస వచ్చిన గుత్తికోయలు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు తగలబడి, చంపుతారేమోనన్న భయంతో వేలమంది నదులు దాటి నేటి భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, భూపాలపల్లి జిల్లాల, చింతూరు ప్రాంతపు అడవుల్లోకి వచ్చారు. వలస వచ్చిన ఎస్టీ కుటుంబానికి కులపత్రం ఇవ్వాలంటే సొంత రాష్ట్రంలో తండ్రికి ఇచ్చిన పత్రం చూపమంటారు. ఆ తండ్రి కాగితం ఇంటితోపాటే కాలిపోయింది, లేదా ఆయనకు ఎన్నడూ కాగితమే లేదు. ఆయన చావు ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. ఇక్కడ పుట్టి ఇరవయ్యేళ్లు వచ్చిన పిల్లవాడు తన తండ్రి ఫలానా అని నిరూపించుకోలేక చదువు దగ్గరే ఆగిపోతున్నాడు.

ఇప్పుడు చట్టం ఏమంటోందో చూద్దాం. 1872 నాటి సాక్ష్యాధార చట్టం 32వ సెక్షన్ ప్రకారం చనిపోయినవారి మధ్య బంధుత్వం గురించి కుటుంబ వంశావళిలోనో సమాధి రాతి మీదో ఉన్న మాట కోర్టులో చెల్లేది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 26వ సెక్షన్ ఆ సూత్రాన్ని అలాగే నిలిపింది. అటవీ హక్కుల చట్టం నిబంధనలు ఇంకా ముందుకు వెళ్లాయి. పాత రికార్డుల్లో ఉన్న వ్యక్తి దాకా వంశాన్ని చూపే వంశావళిని, ఊరి పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలాన్ని, శ్మశానవాటికలను 13వ నిబంధన సాక్ష్యంగా ఒప్పుకుంది. పత్రాలు దొరకనప్పుడు గ్రామసభ తీర్మానాన్ని లెక్కలోకి తీసుకునే వీలు ఛత్తీస్‌గఢ్ కులపత్రాల నిబంధనల్లోనే ఉంది. అంటే సమాధి రాతికి ఇంగ్లీషు పాలకుల చట్టం ఇచ్చిన విలువను స్వతంత్ర భారతంలో ఆదివాసీ ఉరస్కల్‌కు ఇవ్వకపోవడానికి చట్టం అడ్డు కాదు. చర్చి పక్కన నిలబెట్టిన రాయి సాక్ష్యమైతే ఊరి పొలిమేరలో గోత్రం నిలబెట్టిన రాయి ఎందుకు కాదు?

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది: నోటిమాటనూ రాతినీ నమ్మితే దొంగ ఆదివాసీలు పుట్టుకొస్తారని. ఈ భయం ఉత్తది కాదు. మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు 1994లో పరిశీలన కమిటీలు వేయాలని ఆదేశించింది దొంగ పత్రాల బెడద వల్లనే. ఛత్తీస్‌గఢ్ తొలి ముఖ్యమంత్రి అజిత్ జోగి ఆదివాసీయేనా అన్న వివాదం దశాబ్దాలపాటు నడిచి, 2019లో ఉన్నతస్థాయి కమిటీ ఆయన వాదనను తిరస్కరించే దాకా వెళ్లింది. అయితే ఒక్కటి ఆలోచించాలి. తగాదా పడినవన్నీ కాగితాలే. కాగితం సంపాదించే స్తోమత ఉన్నవాడికే దొంగ కాగితం కూడా దొరుకుతుంది. గోత్రం రాళ్ల మధ్య కొత్తగా ఒక రాయి పాతి, అది మా తాతది అని పక్క గోత్రాల పెద్దలందరి ముందూ ఒప్పించడం దానికంటే చాలా కష్టం. ఎందుకంటే ఏ గోత్రంతో పెళ్లి కుదురుతుంది, ఏ గోత్రంతో కుదరదు అన్నది ఆ వంశచరిత్ర మీదే ఆధారపడి ఉంది. పైగా సాక్ష్యాధార చట్టమే ఒక జాగ్రత్త చెప్పింది: అలాంటి మాట వివాదం తలెత్తక ముందు చేసినదై ఉండాలి. అందుకే ఇప్పుడే, ఏ తగాదా లేని రోజుల్లోనే, ప్రతి రాయినీ ఫొటో తీసి ఎవరిదో గ్రామసభలో రాయించాలి. ఆలస్యం చేసేకొద్దీ మోసానికి మనమే దారి ఇస్తున్నట్టు.

తేదీలు కచ్చితంగా ఉండవన్నది ఇంకో అభ్యంతరం. ఉండవు, నిజమే. గోండు వీరుడు కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన తేదీపై రాసినవారి మధ్య నేటికీ ఏకాభిప్రాయం లేదు. అక్కడి గోండులు మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు ఆయనను తలుచుకుంటారు, ప్రభుత్వమూ ఆ రోజునే వర్ధంతి జరుపుతోంది. పంచాంగం తిరగేస్తే ఆ ఏడు ఆ పౌర్ణమి అక్టోబరు మధ్యలో వచ్చింది. తిథిని తేదీగా మార్చడం కష్టమైన పనేమీ కాదు. బస్తర్‌లోనూ పెద్దలకు ఏళ్లు అంకెల్లో గుర్తుండకపోవచ్చు గానీ 1910 భూమ్‌కాల్ తిరుగుబాటు, 1966లో జగదల్‌పూర్ రాజభవనంలో కాల్పులు, బైలడీలా గనులు తెరవడం, జుడుం వంటి ఘటనలకు ముందా వెనకా అని చెప్పగలరు. వారసత్వానికీ 1950 నాటి నివాసానికీ ఆ మాత్రం కాలనిర్ణయం చాలు. ఏ కచ్చేరీకీ గంటా నిమిషమూ అక్కర్లేదు.

నాకు అన్నిటికంటే బరువుగా తోచేది మూడో అభ్యంతరం. యుద్ధంలా సాగిన సంఘర్షణ నడిచిన చోట చనిపోయినవారి పేర్లు రాయిస్తే బతికున్నవారికి ముప్పు రాదా అన్నది. బస్తర్‌లో చావులన్నీ మంచంలో జరగలేదు. 1966 మార్చి 25న రాజభవనంలో పోలీసు కాల్పుల్లో మరణించిన బస్తర్ మాజీ రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ చావుకు తేదీ ఉంది, విచారణ నివేదిక ఉంది. ఆయనతో పాటు చనిపోయిన ఆదివాసీలెందరో సర్కారు లెక్కకూ ఊళ్ల మాటకూ పొంతనే లేదు. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో చనిపోయిన 76 మంది జవాన్ల పేర్లు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి, ఉండాలి కూడా. 2012 జూన్ 28 రాత్రి సార్కేగూడలో బలగాల కాల్పులకు బలైన 17 మంది మావోయిస్టులేనన్న ముద్ర నిలబడదని జస్టిస్ అగర్వాల్ కమిషన్ నివేదిక బయటపడేసరికి 2019 చివరికొచ్చింది. ఏడేళ్లపాటు ఆ కుటుంబాలు తమవారి చావును ఏ పేరుతో రాయించుకోవాలి? మావోయిస్టులు కట్టిన ఎర్ర స్తూపాలను బలగాలు కూల్చడం అక్కడ మామూలైపోయింది. ఆ రాజకీయం జోలికి నేను పోవడం లేదు. కానీ ఏ పక్షం చేతిలో చనిపోయినా ఆ మనిషి ఒకరి కొడుకు, ఒకరి తండ్రి. అతని చావు నమోదు కావడం కుటుంబం హక్కు. భద్రత కోసం చేయగలిగింది ఉంది. పాతికేళ్లకు పూర్వపు మరణాలను అందరికీ తెరిచి, ఆ తర్వాతివి కుటుంబం కోరితేనే రాయాలి, ఎలా పోయాడన్న వివరం బయటపెట్టకూడదు. మరణ కారణం ఇవ్వరాదన్న 17వ సెక్షన్ షరతు ఇక్కడ రక్షణగా నిలుస్తుంది.

ఇప్పుడు సమయం కూడా కలిసొచ్చింది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో మొదలుపెట్టిన ‘నియద్ నెల్లానార్’ పథకం కింద, ఇంతవరకు ఏ అధికారీ అడుగుపెట్టని ఊళ్లలో ఆధార్, రేషన్ కార్డుల శిబిరాలు పెడుతున్నారు. ఏడాది దాటిన మరణాల నమోదుకు 2023 సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేటు లేదా సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు; మునుపటిలా ఫస్ట్‌క్లాస్ మేజిస్ట్రేటు కోర్టుకు పోనక్కర్లేదు. బతికున్నవారి పేర్లు రాసుకునే ఆ శిబిరంలోనే పోయినవారి పేర్లూ రాసుకుని, గ్రామసభ తీర్మానం జతచేసి, ఆ వారంలోనే ఉత్తర్వు ఇవ్వడానికి అడ్డేముంది? ఠాణాల్లో, రికార్డు గదుల్లో మగ్గుతున్న పాత కోట్వార్ పుస్తకాలను స్కాన్ చేయించి, హిందీలోనూ తెలుగులోనూ పేర్లతో వెతికే వీలు కల్పించాలి. భద్రాచలం, చింతూరు ఐటీడీఏలు డోలీల దగ్గర మిగిలిన వంశగాథలను రికార్డు చేయించి, గుత్తికోయ గూడేల్లో పెద్దల వాంగ్మూలాలు రాయించి సుక్మా, బీజాపూర్ కలెక్టర్లకు పంపాలి. అక్కడి గ్రామసభ సరేనంటే ఇక్కడ కులపత్రం ఆపకూడదు.

పోలవరం జలాశయం నిండితే కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు మండలాల్లో ఇళ్లతో పాటు ఎన్నో ఊళ్ల శ్మశానాలు కూడా మునుగుతాయి. పరిహారం జాబితాలో ఇల్లు, పొలం, చెట్టు ఉన్నాయి. ఆ ఊళ్ల పెద్దల రాళ్లను కూడా నీళ్లు రాకముందే లెక్కరాసి, ఫొటోలు తీయించి, గ్రామసభ సంతకాలతో భద్రపరచాలని రెండు తెలుగు ప్రభుత్వాలనూ ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాన్నీ కోరుతున్నాను.